గుడివాడకి మోసుకెళ్ళిన వానలు

"మీ వాన అంకెలు రాడార్ అంచనాతో సరిపోవడం లేదు. పరిశీలన నుంచి తప్పిస్తున్నాం" అని గుడివాడ కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. ముప్పై ఏళ్ళుగా నాగాయలంకలో మా పెరట్లో వాన కొలిచి రోజూ డైరీ రాస్తున్నవాణ్ణి. ఆ అంకెలే వాళ్ళ పరిశోధనకి పంపుతున్నాను. జవాబు రాయలేదు. డైరీలన్నీ సంచీలో వేసుకుని బయల్దేరాను.

ఉదయం ఎనిమిదిన్నరకి ఆనాటి కొలత రాసేసి, తొమ్మిదింటి బస్సెక్కాను. మోపిదేవిలో ఎండుచేపల గంపతో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది.

"ఆ సంచీలో ఏంటి బాబాయ్ గారూ, అంత బరువు?"

"వానలమ్మా."

"అయితే ఒళ్ళో పెట్టుకోకండి, పంచె తడిసిపోద్ది!"

బందరులో భోంచేసి, రెండింటికి రైలెక్కి గుడివాడ చేరేసరికి మూడు దాటింది.

ఉత్తరం రాసిన సుజాత గారు అంటార్కిటికాలో ఏడాది ఉండి, రాడార్‌తో హిమపాతం అంచనా కట్టి వచ్చినావిడ. ఇప్పుడు మన తుపాను వానల మీద పనిచేస్తున్నారు. కాఫీ ఇచ్చి చెప్పారు.

"అక్కడ కొలపాత్రని నమ్మలేమండీ. పడే మంచుని గాలి పక్కకి కొట్టేస్తుంది, ఎప్పుడో పడింది లేచొచ్చి పాత్రలో పడుతుంది."

"రాడార్ మంచుని తూస్తుందా?"

"లేదండీ. పంపిన తరంగం ఎంత తిరిగొచ్చిందో చూసి లెక్క కడతాం. మంచు రేకు ఆకారం మారితే లెక్కా మారుతుంది."

"అంటే మీదీ అంచనాయే. మరి తప్పించేది నన్నెందుకు?"

ఆవిడ కంప్యూటర్ నా వైపు తిప్పారు. "తుపాను వచ్చిన సోమవారం రాడార్‌లో కుండపోత. మీ డైరీలో సున్నా. మంగళవారం రాడార్‌లో తెరిపి, మీరు నూట నలభై మిల్లీమీటర్లు వేశారు."

నాకు నవ్వొచ్చింది. ఎనిమిదిన్నరకి కొలిచి, అంతకుముందు ఇరవై నాలుగు గంటల్లో పడిందంతా ఆ ఉదయం పేజీలోనే రాస్తాం. ఆవిడ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి లెక్కేశారు. ఆ సంగతి ఏ డైరీలోనూ రాయకపోవడం మాత్రం నా పొరపాటే. ఒప్పుకున్నాను.

వేళలు సరిచేసి చూస్తే రోజులు కలిశాయి. "అయినా మీదే ఎక్కువుందండీ" అన్నారావిడ. "తుపాను వానలో సన్న చినుకులు ఎక్కువ. రాడార్‌కి తక్కువగా కనపడతాయి."

"అయితే మీ సూత్రం దిద్దుకోండి. నా అంకె దిద్దను."

"అంటార్కిటికాలో ఇలా పోట్లాడేవాళ్ళే లేకపోయారు మాస్టారూ" అంటూ నాగాయలంక పేరు మళ్ళీ జాబితాలో చేర్చారు. చేర్చేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.

ఇంట్లో వాన కొలిచేవాళ్ళకి నేను చెప్పేదొకటే. ఇలాంటి ఉత్తరం వస్తే డైరీలు పట్టుకుని స్వయంగా వెళ్ళండి. ఎదురుగా కూర్చున్న మనిషిని తప్పించడం అంత తేలిక కాదు.

తిరుగు బస్సు చల్లపల్లి దాటేసరికి సాయంత్రం ఏడయింది. వాన అందుకుంది. కండక్టరు కిటికీ మూస్తూ, "గట్టిగానే పడుతున్నట్టుంది కదండీ?" అన్నాడు.

"రేపు ఎనిమిదిన్నరకి చెప్తాను" అన్నాను.