పిన్ని సాగనంపే పద్ధతి

పోయిన సోమవారం పొద్దున న్యూ టౌన్‌లోని మా ఫ్లాటులో టీ పెట్టుకుంటుంటే బాబాయి ఫోన్ చేశాడు. "మీ పిన్ని ఎల్లిపోనాదమ్మా. నిద్దట్లోనే. మద్దేన్నానికి తీసేస్తారు, బేగి రా" అన్నాడు. అమ్మ పోయాక నన్ను హౌరా వైపు టికియాపారా రైల్వే క్వార్టర్లలో పెంచి పెద్దచేసింది పిన్నే. నేను చేరేలోపే ఆవిడ్ని తీసుకెళ్లిపోతారేమోనన్న ఒక్కటే భయంతో బయటపడ్డాను.

ఆ భయం ఎందుకో పిన్నిని ఎరిగినవాళ్లకు తెలుసు. వచ్చిన మనిషిని గుమ్మం దగ్గరే వదిలేయడమంటే ఆవిడ దృష్టిలో గెంటేసినట్టే. బండి దాకా వచ్చి, ఎక్కించి, కనుమరుగయ్యేదాకా నిలబడాలి. ఈ ఊళ్లోని బళ్లన్నిటికీ ఆవిడ మార్కులు వేసింది కూడా ఆ లెక్కనే. ఏది తొందరగా చేరుస్తుంది, ఏది చల్లగా ఉంటుంది అని నేను చూసేదాన్ని. ఏది నింపాదిగా కదులుతుందని ఆవిడ చూసేది.

ట్రామంటే ప్రాణం. "పక్కన నడుస్తా మాటాడొచ్చు" అనేది. నా కాలేజీ రోజుల్లో ధర్మతల దాకా వచ్చి ఎక్కించి, కిటికీ ఊచ పట్టుకుని నడుస్తూ పెరుగన్నం డబ్బా మూత బిగించావా అని అడిగేది. "మాషీమా, మీరూ ఎక్కేయండి" అని బెంగాలీ కండక్టరు బతిమాలేవాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు ఆ ట్రాములూ లేవు, అలా అడిగే మనిషీ లేదు.

మినీ బస్సు గిట్టేది కాదు. కండక్టరు రేకు మీద బాదాడంటే ఇంక ఆగదు. "మనిసి కూకుందో నేదో సూడడు. ఎవులు తరుముతున్నారీడిని?" అని గొణిగేది. యాప్ క్యాబ్‌కైతే సున్నా మార్కులు. లాంచీ అన్నిటికన్నా గొప్పది. హౌరా ఘాట్‌లో అది కదిలి గంగ మధ్యకు చేరినా ఒడ్డున ఆవిడ చీర రంగు కనిపిస్తూనే ఉండేది.

నది కిందుగా మెట్రో వచ్చాక పిన్నికి పెద్ద చిక్కొచ్చిపడింది. టికెట్టు లేనిదే గేటు దాటనివ్వరు. పట్టు వదలకుండా తనూ టికెట్టు కొనుక్కుని ప్లాట్‌ఫారం మీదికొచ్చింది. నన్ను సీట్లో కూర్చోబెట్టడానికి లోపలికి ఎక్కింది, తలుపులు మూసుకున్నాయి. మాటల్లో పడి మేం దిగేసరికి అవతలి ఒడ్డు. "గంగమ్మ ఎప్పుడెల్లిపోనాది? దణ్ణమైనా ఎట్టుకోనేదు" అని బెంగపడింది. తోడుగా వెనక్కి వెళ్లి ఇంటి దగ్గర దించాను. తీరా నేను బయల్దేరితే, "నడు, ఎక్కించొస్తాను" అని మళ్లీ చెప్పులు తొడుక్కుంది.

సోమవారం నేను ఎక్కింది ఆ మెట్రోనే. తొందరగా చేర్చినందుకు దానికి దణ్ణం పెట్టుకున్నాను. క్వార్టరు చేరేసరికి పిన్ని ఇంకా వాకిట్లోనే ఉంది. కాళ్లకు పసుపు రాశాను.

మా ఇళ్లలో ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు. మగవాళ్లు ఆవిడ్ని వ్యాన్‌లోకి ఎక్కించారు, నేను గేటు దగ్గర ఆగిపోయాను. ఇన్నేళ్లూ ఎక్కి వెళ్లింది నేను, నిలబడింది ఆవిడ. నిలబడడం ఇంత కష్టమని నాకెప్పుడూ తట్టలేదు.

వ్యాన్ సందు మలుపు దాకా వెళ్లి ఆగింది. ఎదురుగా ఒక టోటో రిక్షా, పక్కన కూరగాయల బండి ఇరుక్కుపోయాయి. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, బాబాయి దిగి దారి ఇమ్మని చేతులు జోడిస్తున్నాడు. ఎవరూ దారి ఇవ్వకుండా ఉంటే బాగుండునని నేను కోరుకున్నాను. కాసేపటికి టోటో వెనక్కి తగ్గింది. వ్యాన్ మలుపు తిరిగింది.

పక్క క్వార్టరు బౌదీ, మా బెంగాలీ వదిన, వచ్చి నా చెయ్యి పట్టుకుని, లోపలికి రమ్మంది. ఉండండి, ఇంకా కనిపిస్తోంది అన్నాను. ఆవిడ సందు వైపు చూసింది. కూరగాయల బండి కూడా ఎప్పుడో వెళ్లిపోయింది. బౌదీ నా పక్కనే నిలబడింది.