అత్తమ్మ గుర్తువట్టని బిడ్డ మొకం

గీ ముచ్చట చెప్తే మీరు నవ్వుతరు. నవ్వుండ్రి! సొంత పెండ్లాం ఫోటో బజార్ల పెట్టిచ్చి, ఇంకొకామెను తగులుకున్నడని మాట పడ్డోన్ని కరీంనగర్ మొత్తంల నేనొక్కన్నే. చాయ్ తాగుకుంట ఇనుండ్రి.

నా పని మీకు ఎర్కనే గద, ఫోటో స్టూడియోల రీటచింగ్. కిటికీ కాడ కూసొని, నెగటివ్‌ను వెలుగుకు పెట్టి, సూది లెక్క చెక్కిన పెన్సిల్‌తోని మొకాల మీది మచ్చలు మాయం చేసుడు. అమ్మవారు పోసిన గుంటలుంటే పూడుస్త, మొటిమలుంటే కప్పుత. మా ఉస్తాద్‌ది ఎప్పుడూ ఒక్కటే మాట: "అరే భాయ్, జర తక్కువ చెయ్యి. మనిషి మనిషి లెక్కనే ఉండాలె." నేనింటే గద!

బతుకమ్మ పండుగ దగ్గరికొచ్చిందని బట్టల దుకాణం సేటు మా తానికి వచ్చిండు. "కొత్త చీరలు దిగినయి. ఎవలన్న ఒకటి కట్టుకుంటే పెద్ద ఫోటో తీసి దుకాణం ముంగట పెడ్త" అన్నడు. ఎవల్ని అడిగినా "అమ్మో, బజార్ల నా ఫోటోనా!" అని ఉరికిండ్రు. ఆఖరికి మా ఇంటామె అనసూయను బతిమాలిన. వాళ్లవ్వ, అదే మా అత్తమ్మ, పెండ్లికి పెట్టిన గుండ్ల దండ ఏసుకొని, సిగ్గువడుకుంటనే కెమెరా ముంగట నిలవడ్డది. ఫోటో మస్తుగ వచ్చింది.

గక్కడ ఊకుంటే అయిపోతుండె. ఊకున్ననా? లే!

బజార్ల పెట్టే ఫోటో, సినిమా పోస్టర్ లెక్క ఉండాలె అని షోకు పుట్టింది. ఉస్తాద్ ఎవల్దో పెండ్లికని జగిత్యాల పోయిండు, ఆపేటోడు లేడు. గదుమ మీది పుట్టుమచ్చ తీసేసిన. నవ్వితే బుగ్గల మీద పడే గీతలు తీసేసిన. నుదుటి మీద చిన్నప్పటి గాటు, కండ్ల కింది నలుపు, అన్నీ సాఫ్! చామనఛాయ మొకాన్ని పాలరాయి చేసిన. ప్రింటు మీద కుంచెవట్టి కనుబొమ్మలు గూడ దిద్దిన. సేటు "వాహ్!" అన్నడు. నేను భూమ్మీద లేను.

అనసూయ ఇంకా ఫోటో చూడనే లేదు, సంబురంగ వాళ్లవ్వకు కబురు పంపింది. అత్తమ్మ వేములవాడ బస్సు దిగి, ఇంటికి గూడ రాకుండ సీదా దుకాణానికే పోయింది. చూసింది. బిడ్డ కనవడలే. ఎవలో తెల్లటామె, మెడల మాత్రం తను చేయించిన గుండ్ల దండ!

ఇగ చూడుండ్రి! ఫ్రేము గుంజి సంకల పెట్టుకొని స్టూడియోల జొరవడ్డది. ఎన్కనే సేటు, "అమ్మా, నా ఫోటో, నా ఫోటో" అనుకుంట.

"ఎవతె ఇది? నా బిడ్డ దండ గీమె మెడల ఎట్ల వడ్డది? చెప్పు అల్లుడా!"

"అత్తమ్మా, గది అనసూయనే!"

"నా బిడ్డ ఎట్లుంటదో, కన్నదానికి నువ్వు చెప్తవా!"

బజారంత మా తలుపు కాడనే జమైంది. అప్పటికి ఊరి నుంచి వచ్చిన ఉస్తాద్, మనిషిని పంపి అనసూయను పిలిపిచ్చిండు. ఆమె వచ్చి ఫోటో దిక్కు చూసింది. నేను పక్క నుంచి "చెప్పు, చెప్పు" అని సైగ చేస్తున్న.

"చీర నేను కట్టిందే" అన్నది మెల్లగ. "దండ నాదే. మొకం మాత్రం ఎవల్దో."

సచ్చిన్రా అనుకున్న. గంతల ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "నా మొకం గంత చూడరాకుండ ఉన్నదా?"

నెగటివ్ తీసిన. దూదిని టర్పెంటైన్‌ల ముంచి, నేను గీసిన పెన్సిలంత తుడిచేసిన. తల్లీబిడ్డలను డార్క్‌రూంలకు తోల్కపోయి, ఎర్ర బల్బు కింద కొత్త కాయితం మందునీళ్లల్ల ఏసిన. మెల్లగ వెంట్రుకలు తేలినయి, కండ్లు తేలినయి, గదుమ మీద మచ్చ తేలింది.

"అగో! నా బిడ్డ! వచ్చింది, వచ్చింది!" అని అత్తమ్మ చప్పట్లు కొట్టింది. అనసూయ నవ్వింది. నా పానం మళ్ల వచ్చింది.

అనసూయ ఆ ఫోటోను జరసేపు చూసి, "కండ్ల కింది నలుపు తీసెయ్యి" అన్నది. "గది నాది గాదు. పిల్లగానికి జరమొచ్చినప్పుడు నిద్ర లేక వచ్చింది. మచ్చ, గాటు, గీతలు నాయి. వాటిని ముట్టకు."

ఇన్నేండ్ల సంది ఉస్తాద్ చెప్పినా తలకెక్కనిది, గా ఒక్క మాటతోని ఎక్కింది! కండ్ల కింద జరంత పెన్సిల్ ఆనిచ్చిన, అంతే. సేటు గదే పెట్టిండు. ఆడోళ్లు ఆగి, "అగో, మన అనసూయ! ఆమెకు నప్పిందంటే మనకూ నప్పుతది" అని లోపలికి పోవట్టిండ్రు. సేటు లొల్లి చెయ్యలే, ఉస్తాద్ నన్ను ఎల్లగొట్టలే, అనసూయ ఎప్పటి లెక్కనే బువ్వ పెట్టింది. వాళ్లందరికి దండం పెట్టాలె నేను.

ఇయ్యాల పొద్దుగాల అత్తమ్మ ఊరికి పొయ్యేముందు స్టూడియోకు వచ్చి కుర్చీల కూసున్నది. "నాదొకటి తియ్యి అల్లుడా."

కొత్తగ బుద్ధొచ్చినోన్ని గద, గర్వంగ అన్న: "ఫికర్ చెయ్యకు అత్తమ్మా. ఒక్క ముడత గూడ ముట్ట. ఉన్నదున్నట్టే తీస్త."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ముట్టకుమని ఎవలన్నరు? నీ పెన్సిలుకు రోగమొచ్చిందా? మంచిగ చెక్కు!"

నాకొచ్చిన బుద్ధి గంతసేపే ఉన్నది. పొద్దటి సంది ఆమె ముడతలు పూడుస్తనే ఉన్న, ఇంకా ఒక్క బుగ్గనే అయ్యింది. ఇంకో చాయ్ చెప్పుండ్రి!