కుప్పం దాకా వెళ్లి నోరు మూసుకున్నాను

ఆరో నెలలో కడుపులోనే బిడ్డ పోయాక మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. నావి కాదు, మా ఆయనవి. నేను పుంగనూరు బడిలో లెక్కల టీచరును. నాకు మాటలు ఎప్పుడూ కరువు కాలేదు. ఆయన పొద్దున బోరు మోటార్లు బాగుచేసే షాపుకు వెళ్లి, సాయంత్రం వచ్చి టీవీ ముందు కూర్చునేవాడు. టీవీ ఆపేసి ఉన్నా అక్కడే కూర్చునేవాడు.

ఈయన్ని ఎవరికైనా చూపించాలని నేనే తీర్మానించాను. నన్ను కూడా చూపించాలని మాత్రం నాకు తట్టలేదు.

మొదట మదనపల్లెలో, మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడే ఒక కౌన్సిలర్ దగ్గరికి వెళ్లాం. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, తన పెళ్లి ఎలా జరిగిందో, భార్య ఎందుకు అలిగిందో గంటసేపు చెప్పాడు. బయటికొచ్చాక మా ఆయన వారం రోజుల్లో మొదటిసారి నోరు విప్పాడు.

"పాపం, ఆయప్పకి చెప్పుకునేదానికి ఎవురూ లేనట్టుండాది."

నడిరోడ్డు మీద నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు ఆ వెంటనే సిగ్గేసింది.

రెండోసారి పుంగనూరులోనే, వారానికోసారి వచ్చే ఒక కౌన్సిలర్ మేడం దగ్గరికి. లోపలికి పిలవకముందే నా దగ్గర చదివే ఒక పిల్ల వాళ్లవ్వ కనబడింది.

"ఏం టీచరమ్మా, ఈడికొచ్చినారు? ఎవురికి బాగల్యా?"

"ఈయనకి కండ్లు సూపించేదానికి అవ్వా," అనేశాను.

"కండ్ల డాక్టరు ఎదురు వీధిలో కదమ్మా ఉండేది! రాండి, నేను సూపిస్తా."

అవ్వ మమ్మల్ని వదల్లేదు. దగ్గరుండి తీసుకుపోయి కూర్చోబెట్టింది. ఆరోజు మా ఆయనకు కళ్లజోడు రాశారు. నిజంగానే అవసరమట.

దాంతో మమ్మల్ని ఎరిగినవాళ్లు లేని ఊరే కావాలనుకున్నాను. మా బడిలో ఒకామె కుప్పంలో ఒక కౌన్సిలరమ్మ ఉందని చెప్పింది. పలమనేరులో బస్సు మారి వెళ్లాం. మందుల షాపు పైన చిన్న గది. ఆమెకు యాభై ఏళ్లుంటాయేమో, తెలుగులో తమిళం కలిపి మెల్లగా మాట్లాడేది.

"నిద్ర పడతాందా సార్?" అని ఆయన్ని అడిగింది.

"బాగా పడతాంది మేడం, గురక కూడా," అన్నాను.

"అన్నం తింటాండారా?"

"సగం వదిలేస్తాడు మేడం."

ఆమె పెన్ను కింద పెట్టింది. "అమ్మా, నేను సార్‌ని అడిగినాను. ఒక పది నిమిషాలు మీరు ఊరికే ఉండండి."

ఇన్నేళ్ల నౌకరీలో నన్ను ఆ మాట అన్నవాళ్లు లేరు. ఒళ్లు మండింది. లేచి వెళ్లిపోదామనిపించింది గానీ, బస్సుకు ఇంకా రెండు గంటలుంది. కూర్చున్నాను.

నా నాలుక చివర నాలుగు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. చివరికి ఆయన నేల చూస్తూ అన్నాడు.

"ఈమె అప్పుడు ఆస్పత్రిలో ఉన్నింది. బిడ్డను నేనే ఎత్తుకొని పోయినాను. యాడ పెట్టినానో ఇంతవరకూ ఎవురూ అడగల్యా."

నేనూ అడగలేదు. భయమేసి అడగలేదు. ఆ సంగతి చెప్పాలని నోరు తెరిచాను, ఆమె నా వైపు చూసింది, మూసుకున్నాను. పది నిమిషాలూ అయ్యాక ఒక్కటే అడిగాను.

"యాడ పెట్టినావప్పా?"

"మన చేని గట్టున, కానుగ చెట్టు కింద. నెలకోసారి పోతాండా."

షాపుకని చెప్పి వెళ్లిన ఆదివారాలు గుర్తొచ్చాయి. ఆయన ఏడవడం ఆరోజే చూశాను. నేను ఓదార్చబోతే కౌన్సిలరమ్మ వద్దని చెయ్యి చూపింది. ఆయన్ని ఏడవనిచ్చాను. అదీ నాకు కొత్తే.

ఆ తర్వాతి ఆదివారం ఇద్దరం చేనికి వెళ్లాం. ఆయన గడ్డి పీకాడు. నేను పక్కన కూర్చుని, బిడ్డకు పెట్టాలనుకున్న పేరు చెప్పాను. ఆ పేరు ఆయనకు నచ్చలేదట. అక్కడే కాసేపు వాదించుకున్నాం. పొద్దెక్కాక ఆకలేస్తే, తిరుగుదారిలో బండి ఆపి వేడి గుంతపొంగణాలు తిన్నాం.