గాలి తోడు రాని పరుగు

తొంభైల చివర్లో నేను తిరుపతిలో చదువుకునేటప్పుడు, మా హాస్టల్లో నాలుగు వందల మీటర్లు పరిగెత్తే అమ్మాయిలం ఇద్దరమే ఉండేవాళ్ళం. రెండో ఆమెకు స్పోర్ట్స్ కోటాలో గుంతకల్లులో రైల్వే ఉద్యోగం వచ్చింది. పెట్టె రిక్షాలో పెట్టించి, నేనే స్టేషన్ దాకా వెళ్ళి రైలెక్కించి వచ్చాను. మర్నాడు గ్రౌండులో నా బూట్ల చప్పుడు నాకే వినబడింది. అంతకుముందు ఎప్పుడూ దాన్ని పట్టించుకోలేదు.

సత్యవేడు దగ్గర మా ఊళ్ళో వేరుశనగ పండించే నాయనకు ఆడపిల్ల పరుగు ఒక నవ్వులాట. "ఈ తూరి రాష్ట్రం పోటీలకు ఎంపికైతే ఆ తిరుపతిలోనే ఉండు. లేదంటే ఇంటికొచ్చేయ్" అన్నాడు. నాయన మాటంటే శిలాశాసనం.

గ్రౌండులో మాకు పరుగు నేర్పే మాస్టారు దేన్నయినా పొయ్యి భాషలోనే చెప్పేవాడు. "సూడు పాపా, మొదట భగ్గుమనేది కండలో దాచిపెట్టుకున్న మందు, కిరసనాయిలు మాదిరి. పది లెక్కపెట్టేలోపల అయిపోతాది. ఆపైన కండలో ఉండే చక్కెర కాలతాది. నువ్వు పీల్చే గాలి దానికి చాలదు. గాలాడని పొయ్యి పొగేస్తాది గదా, కాళ్ళల్లో మంట అట్లాంటిదే. అందుకే మొదటి సగం ఒళ్ళు పట్టుకోని పరిగెత్తాల."

అందులో నాకు గట్టిగా పట్టింది ఒక్క ముక్కే. ఆ కాసేపు గాలి కూడా తోడు రాదు, ఒంట్లో ముందే దాచుకున్నదే దిక్కు. సాయంత్రాలు మాట్లాడే మనిషి లేనిదానికి ఇలాంటివి ఇట్టే అర్థమవుతాయి.

రాష్ట్రానికి ఎంపిక చేసే జిల్లా పోటీలు చిత్తూరులో సరిగ్గా పెరటాసి నెల, తిరుపతి స్వామికి మొక్కే నెల, శనివారం పడ్డాయి. ఆ రోజు మా ఇంట్లో తళిగ వేస్తారు. అన్నం, కూరలు, వడలు ఆకు మీద కుప్పగా పోసి, స్వామికి గోవిందలు చెప్పి హారతి ఇచ్చేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు. "యాడుండినా ఒక్కపొద్దుండు" అని అమ్మ ఊరివాళ్ళతో కబురు పంపింది. పొద్దున హీట్స్‌లో ఖాళీ కడుపుతోనే మొదట వచ్చాను. మాస్టారు గ్లూకోజు నీళ్ళు కలిపి ఇస్తే, "మా ఇంట్లో ఇంకా తళిగ వేసుండరు సార్" అన్నాను. ఆయన తల పట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఫైనల్. నా లోపలి లేన్లో బంగారుపాళ్యం నుంచి వచ్చిన పిల్ల. తుపాకీ పేలిన కాసేపటికే ఆమె అడుగులు నా వెనకే, సరిగ్గా నా అడుగులతో కలిసి వినబడ్డాయి. ఎన్నో నెలల తర్వాత పక్కన ఇంకొకరి అడుగులు! ఒళ్ళు పులకరించింది. ఆమె వేగం పెంచితే నేనూ పెంచాను. "నిదానం పాపా, నిదానం!" అని మాస్టారు అరుస్తున్నాడు. నాకు వినబడింది కూడా.

చివరి వందలో కాళ్ళు నావి కాకుండా పోయాయి. తొడలు భగభగ మండాయి. ఆ పిల్ల వెళ్ళిపోయింది, ఆమె వెనక ఉన్నవాళ్ళూ వెళ్ళిపోయారు. గీత దాటి గడ్డి మీద పడ్డాను. అంతా అయ్యాక పలకరించే చుట్టంలా అప్పుడొచ్చింది గాలి.

చుట్టూ ఉన్నవాళ్ళు తిండి లేకనే అన్నారు. మాస్టారు ఒప్పుకోలేదు. "ఒక్క రౌండుకు కావాల్సింది నిన్నా మొన్నా తిన్నదాన్లోనే ఉంటాది. ఉండేదంతా మొదట్లోనే తగలేసినావు. ఏమిటికి అంత తొందర?" కారణం బయటికి అనడానికి సిగ్గేసింది.

ఆ వారమే పెట్టె సర్దుకుని సత్యవేడు బస్సెక్కాను. నాయన పెట్టె దించి లోపల పెట్టాడు. అమ్మ అన్నం వడ్డిస్తూ ఏడ్చింది. "నా ఒక్కపొద్దే నిన్ను ఓడగొట్టింది."

"ఒక్కపొద్దు కాదమ్మా."

"మరింకేంది?"

"పక్కన ఎవరో పరిగెత్తతా ఉంటే సంతోషమైపోయిందమ్మా. ఆ సప్పుడు పోతాదేమో అని ఉండేదంతా పెట్టేసినాను."

మా ఇంట్లో అమ్మ ఎప్పుడూ అందరూ తిని లేచాక, పొయ్యి దగ్గర ఒక్కతే కూర్చుని తినేది. ఆ పూట తన కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది.