అద్దానికి అతికించిన దుకాణం

మూతపడిన పాత దుకాణాలు ఉన్న చోటల్లా ఒక శిలాఫలకం పెట్టాలని మా మిత్రమండలి తీర్మానించింది. అవి నడుస్తున్న రోజుల్లో మేమెవరం పెద్దగా కొన్నది లేదు. మొదటి గౌరవం కృష్ణానగర్‌లో సుబ్బారావు గారి దుకాణానికి దక్కింది. సినిమాలకు సింహాసనాలు, కిరీటాలు అద్దెకిచ్చేవారు. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల సాఫ్ట్‌వేర్ ఆఫీసుంది.

ఉదయం తొమ్మిదికి సికింద్రాబాద్‌లో బస్సెక్కాను. అమీర్‌పేటలో కోర్సు ఫైలుతో ఒక యువకుడు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎందాక సార్?"

"కృష్ణానగర్. మూతపడ్డ దుకాణానికి సభ."

"ఓపెనింగ్స్ ఏమైనా ఉన్నాయా?"

లేవన్నాను. అతను కిటికీ వైపు తిరిగాడు.

దిగి ఇరానీ చాయ్ తాగాను. చాయ్ బాగుంది, బిస్కెట్టు నిన్నటిది. సుబ్బారావు గారు ఇస్త్రీ చొక్కాతో అప్పటికే వచ్చి ఉన్నారు. తెనాలి మనిషి. "ఆ చోట పేరొక్కటి ఉంటే చాలండీ, మా మనవరాలికి చూపిస్తాను" అన్నారు.

మేకు కొట్టడానికి ఆఫీసువాళ్లు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా గోడ లేదు, అంతా అద్దమే. అందుకని సినిమా సెట్లకు రంగులు వేసే యాదగిరి చేత థర్మోకోల్ ఫలకం చేయించి, అద్దానికి అతికించాం. నల్లరాయంటే నల్లరాయే, పగుళ్లు కూడా వేశాడు. కొబ్బరికాయ కొడుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి, హీరో ఎవరని అడిగి, వెళ్లిపోయారు.

చప్పట్లు ఆగకముందే సెక్యూరిటీ మల్లేశ్ బయటికొచ్చాడు.

"ఏంది సార్ గిది? లోపట్నుంచి సూస్తే ఉత్త తెల్లగున్నది, టీవీ డబ్బాల ముక్క లెక్క. మా ఆఫీసు మేడమ్ పీకేయమంటున్నది."

నిజమే. సెట్లలో కెమెరాకు కనిపించే వైపే రంగు వేస్తారు. రెండో వైపు కూడా వేసేవాణ్ణి కొత్తవాడంటారు. అద్దానికి రెండు వైపులుంటాయని మాకెవరికీ తట్టలేదు.

సుబ్బారావు గారి ముఖం వాడిపోయింది. "సాయంత్రం దాకా ఆగవయ్యా మల్లేశూ. యాదగిరీ, వెనక కూడా అచ్చం అలాగే, అక్షరాలతో సహా వెయ్యి."

యాదగిరికి ఇది వృత్తికే అవమానంగా తోచింది. "యెనక ఎవడేస్తడు సార్? గాడ కెమెరా ఉంటదా?"

"మనుషులుంటారయ్యా. వెయ్యి."

ఫలకాన్ని ఊడదీసి మెట్ల మీద బోర్లించి పని మొదలుపెట్టాడు. మేం మెస్సుకు వెళ్లాం. అక్కడ నారదుడి వేషంలో ఒకాయన పప్పు రెండోసారి అడిగారు, వేశారు.

నాలుగింటికి మళ్లీ అతికించాక మేడమ్ లోపలి నుంచి నింపాదిగా చదివి, బయటికొచ్చారు. "ఉండనివ్వండి. ఈ సింహాసనాలు ఇంకా రెంట్‌కి ఇస్తారాండీ? మా యాన్యువల్ డేకి ఒకటి కావాలి."

"ఒక్కటే మిగిలిందమ్మా, ఇంట్లో ఉంది" అన్నారు సుబ్బారావు గారు. ఆ వెంటనే కాస్త ఇబ్బందిగా, "బంగారు రంగు ముందు వైపే. గోడకు ఆనించి వేసుకోవాలి" అన్నారు.

అందరం ఒకసారి గోడ కోసం చుట్టూ చూశాం.

తిరుగు బస్సులో సుబ్బారావు గారు నా పక్కన, యాదగిరి డబ్బాలతో మా ముందు సీట్లో. వాళ్ల ప్రయాణం నేరుగా సింహాసనం వెనక వైపుకే. మొత్తానికి ఈ యాత్రలో ఒక దుకాణానికి నివాళి అర్పించబోయి బేరం తెచ్చిపెట్టాం.

"ఇగ అన్నిటికీ రెండు దిక్కుల ఏసుడేనా సార్?" అన్నాడు యాదగిరి.

సుబ్బారావు గారు వినిపించుకోలేదు. మనవరాలికి ఫలకాన్ని ఏ వైపు నుంచి చూపించాలా అని ఆలోచిస్తున్నారు.