జోళ్ళు విప్పకూడని గది

ఇంగ్లీషు బడిలో సైన్సు గది గుమ్మం ముందు నేను మొట్టమొదట చేసిన పని జోళ్ళు విప్పడం. మరి చదువులమ్మ ఉండే చోటు కదా! మలయాలో బంటింగ్ ఊరి దగ్గర రబ్బరు తోటలో పుట్టిన తెలుగుపిల్లని, కాళ్ళు కడుక్కోకుండా వచ్చేశానే అని నా బెంగ. లోపల వరసగా గాజు బుడ్లు, నీలి మంట, మూలన తళతళలాడే కొళాయి. నోరు వెళ్ళబెట్టి నిలబడిపోయాను.

"జోళ్ళు తొడుక్కో," అంది చీనా టీచరమ్మ. "ఇక్కడ అదే మర్యాద. ఏది ఒలికినా ముందు పడేది పాదాల మీదే."

నా జడలో కనకాంబరాలు తీయించి, జడ ముడి వేయించింది. సీసా దగ్గర ముక్కు పెట్టొద్దంది. యాసిడ్‌ను నీళ్ళలో పోయాలిగానీ, నీళ్ళను యాసిడ్‌లో పోయకూడదంది. మరి కంట్లో పడితే? "నీళ్ళు. కొళాయి కింద, ధారగా. మంట తగ్గిందని ఆపకు, ఇంకా పోస్తూనే ఉండు." ఇన్ని సీసాలున్న గదిలో పెద్ద మందు వట్టి నీళ్ళా!

ఇంటికొచ్చి అన్నీ చెబితే అమ్మ పకపకా నవ్వి, మలాయి వాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించింది. "ఏటే, మీ టీచరమ్మకి మా అత్త కన్నా మడి ఎక్కువలాగున్నాది లా!"

అది మలయాలో తెల్లదొరలు అడవిలోని కమ్యూనిస్టుల మీద ఎమర్జెన్సీ పెట్టిన కాలం. మా కూలీల ఇళ్ళ లైన్ల చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర తుపాకులతో కాపలా. కంచె లోపలి కొట్టంలో రబ్బరు పాలు గడ్డకట్టడానికి యాసిడ్ కలపడం అమ్మ పని. ఒక శనివారం ఆమెకు టీ పట్టుకెళ్ళేసరికి ఒకటే కేకలు. జాడీ వంచుతుంటే యాసిడ్ చింది అమ్మ కుడి కంట్లో పడింది.

అప్పటికే ఆడవాళ్ళు మూగారు. మా మేనత్త ఒక చంటిబిడ్డ తల్లిని రెక్క పట్టుకుని లాక్కొస్తోంది. "సనుబాలు పిండే! కన్ను సల్లబడతాది!" మా వాళ్ళకు కంటికి ఏమైనా చనుబాలే మందు.

"వద్దత్తా! నీళ్ళు పొయ్యాలి!"

"ఓలమ్మో, సదువుకున్న పిల్ల మందు సూడండే! నీళ్ళంట!"

పెరటి చెట్టు మందుకు పనికొస్తుందా? నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తను ఒక్క తోపు తోసి, అమ్మను కొట్టంలోని కొళాయి కిందికి వంచి, వేళ్ళతో రెప్పలు విడదీసి పట్టుకున్నాను. అమ్మ గింజుకుంది, నన్ను నానా తిట్లూ తిట్టింది. కాసేపటికి, "సాలే, మంట తగ్గినాది, ఒగ్గేయే!" అంది.

"ఒగ్గను!"

ఆ కన్ను పోతే, నీళ్ళు పోసి పోగొట్టింది కూతురే అని తోటంతా అంటుంది. నేనూ అదే అనుకుంటాను. ఆ భయంతోనే పోశాను, గేటు దగ్గర సోదా ముగిసి, ఆసుపత్రికి తీసుకెళ్ళే లారీ వచ్చేదాకా పోస్తూనే ఉన్నాను.

క్లాంగ్ పట్నం ఆసుపత్రిలో డాక్టరు రెప్ప ఎత్తి చూసి, "ఎవరు కడిగారు?" అన్నాడు. అమ్మ నన్ను చూపించింది. "చూపు దక్కింది," అన్నాడాయన. నేను అక్కడే బావురుమన్నాను. అత్త మాత్రం, "సనుబాలైతే ఇంకా బేగి తగ్గును," అని చాన్నాళ్ళు సణిగింది.

మెర్డేకా, అదే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చిన ఏడు బడిలో తల్లిదండ్రులను పిలిచి సైన్సు గది చూపించారు. గుమ్మం దగ్గర అమ్మ వంగి చెప్పులు విప్పబోయింది.

"వద్దమ్మా, ఇక్కడ చెప్పులతోనే రావాలి."

బెరుగ్గా లోపలికి అడుగుపెట్టింది. గాజు బుడ్లను చూడలేదు, నీలి మంటను చూడలేదు. తిన్నగా మూలనున్న కొళాయి దగ్గరకు వెళ్ళి తిప్పింది. ధారగా పడుతున్న నీళ్ళకు రెండు చేతులూ జోడించింది. తర్వాత కొళాయి కట్టేసి, అరచేత్తో ఎడమ కన్ను మూసుకుంది. ఆ కుడి కంటితోనే బుడ్లు, మంట, చివరికి నా మొహం, ఒక్కొక్కటీ చూసుకుంటూ గదంతా తిరిగింది.

"ఎంత బాగున్నాదే!" అంది.