పాత చోట లింకు

అక్కా తమ్ముళ్లిద్దరూ ఒకే కంపెనీలో పనిచేసేవారు. యంత్రాల లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ తయారీ వాళ్ల పని. అక్క ప్రధాన బృందానికి పెద్ద. తమ్ముడిది కోల్డ్ స్టోరేజీల బృందం. ఇల్లూ ఒకటే. కింద అక్క, మేడమీద తమ్ముడు, మరదలు.

ఆ సిస్టమ్‌లో డిస్కు మీద ఎక్కడా లేని ఫైళ్లు కొన్ని ఉండేవి. ఉష్ణోగ్రత ఎంత, ఏ మోటారు తిరుగుతోంది అన్న సంగతులను సిస్టమ్ అప్పటికప్పుడు ఫైళ్లలా చూపించేది. అవి ఏ ఫోల్డర్‌లో కనబడాలో ముందే చెప్పి ఉంచాలి. దాన్నే మౌంట్ చేయడం అంటారు. ఒక్కో బృందం తనకు తోచిన చోట మౌంట్ చేసుకుంది. ఒకరి ప్రోగ్రాం ఇంకొకరి యంత్రంలో పెడితే దిక్కు తెలియక ఆగిపోయేది. ఆ తలనొప్పంతా అక్క నెత్తిన పడేది.

చివరికి ఆమె పట్టుబట్టింది. ఇకపై అన్ని యంత్రాల్లోనూ ఒకే చోటు అంది. అందరూ తలూపారు. మీటింగ్ అయ్యాక తమ్ముడు ఆమె టేబుల్ దగ్గరికొచ్చాడు.

“పాత చోట ఓ లింకు పెట్టక్కా, కొత్తదానికి దారి చూపిస్తూ. మా దగ్గర పాత ప్రోగ్రాములు బోలెడున్నాయి.”

“లింకు పెడితే ఎవరూ మారరు. నువ్వసలే మారవు.”

“ఒక్క ఏడాది.”

“నేను అక్కని ఇంట్లోరా, ఇక్కడ కాదు.”

అతను నవ్వేసి వెళ్లాడు. ప్రోగ్రాములన్నీ మార్చాడు, కంటపడని ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ టీకా మందులు దాచే గిడ్డంగిలో ఉంది. కొత్త సిస్టమ్ ఎక్కాక కూడా పాత ఫోల్డర్ అలాగే ఉండిపోయింది, ఖాళీగా. అక్కడేమీ దొరక్క ప్రోగ్రాం ఉష్ణోగ్రతను సున్నాగా తీసుకుంది. చల్లగానే ఉందనుకుని అలారం మోగించలేదు. లోపల కూలింగ్ ఆగిపోయి ఉంది. పసిపిల్లలకు వెయ్యాల్సిన మందులన్నీ పాడైపోయాయి.

“మార్పు గురించి ముందే చెప్పారా?” అని విచారణలో అడిగారు.

“చెప్పాం” అంది అక్క. అది నిజమే. అతను లింకు అడిగాడన్న మాట మాత్రం ఆమె గొంతు దాటలేదు. తమ్ముడు ఆమె వంక చూశాడు. తనూ ఆ ఊసెత్తలేదు. అతని ఉద్యోగం పోయింది.

తర్వాత, పాత చోట్లన్నిటిలో లింకులు పెట్టమని పై అధికారులు ఆమెకే పురమాయించారు. చోటుకొక లైను రాస్తే చాలు. భోజనాల వేళకల్లా అయిపోయింది.

సాయంత్రం మెట్ల దగ్గర తమ్ముడు ఎదురుపడ్డాడు. “లింకులు పెట్టేశాంరా” అంది, ఇంకేం అనాలో తోచక.

“మంచిది” అన్నాడు. “మీ కంపెనీకి.”

కొన్నాళ్లకే అతను ఇల్లు మారాడు. సామాను దించుతుంటే సాయానికి వెళ్లింది. మరదలు ఆమె చేతిలోని మూటను మెల్లగా తీసేసుకుంది.

“మీకెందుకులెండి వదినా, మేం చూసుకుంటాం.”

ఎక్కడికి వెళ్తున్నారో వాళ్లు చెప్పలేదు. అడగడానికి ఆమెకు మొహం చెల్లలేదు.